కెమెరాలు తిరగని వైపు

ముంబయి దాడులు అన్న మాట వినగానే కళ్ళముందు నిలిచే బొమ్మ ఒక్కటే. తాజ్‌మహల్ హోటల్ గుమ్మటం, దాని పక్కన ఎగిసిపడే మంట, ఆకాశం నిండా నల్లటి పొగ. ఏటా నవంబర్ 26న పత్రికలు వేసే ఫొటో అదే. టీవీల్లో రోజంతా తిరిగే క్లిప్పూ అదే. అప్పటికి ఇంకా పుట్టని పిల్లలకు కూడా ఆ గుమ్మటం బాగా గుర్తు.

2008లో ఆ రాత్రి అన్నిచోట్లకన్నా ఎక్కువ ప్రాణాలు పోయింది మాత్రం తాజ్‌లో కాదు, ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో. పాతకాలపు బొంబాయివాళ్ళు ఇప్పటికీ వీటీ అని పిలుచుకునే రైల్వే స్టేషన్ అది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఇద్దరు ముష్కరులు దూరప్రాంత రైళ్ళ హాల్లోకి వచ్చి, మూటాముల్లెలు పక్కన పెట్టుకుని నేలమీద కూర్చున్న జనంపై గ్రెనేడ్లు విసిరారు, తుపాకులు పేల్చారు. 50 మందికి పైగా చనిపోయారు. 100 మందికి పైగా గాయపడ్డారు. ఆ దాడుల్లో మొత్తం మృతులు 166 మంది అయితే, దాదాపు మూడో వంతు ఆ ఒక్క స్టేషన్‌లోనే.

హైదరాబాద్ వచ్చే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ బయల్దేరేదీ ఆ స్టేషన్ నుంచే. పాలమూరు నుంచో, కరీంనగర్ నుంచో బతుకుదెరువుకు బొంబాయి వెళ్ళిన కుటుంబాలకు ఆ హాలు బాగా ఎరుక. రైలుకు రెండు మూడు గంటల ముందే చేరుకుని, దుప్పటి పరిచి, పిల్లల్ని పడుకోబెట్టి, కట్టుకొచ్చిన అన్నం అక్కడే తినే చోటు అది. ఆ రాత్రి తూటాలు తగిలింది సరిగ్గా అలాంటి మనుషులకే. అందులో హిందువులున్నారు, ముస్లింలున్నారు, కూలీలున్నారు, సొంతూరికి పోతున్నవాళ్ళున్నారు. ఇంతమంది పోయిన చోటు జాతి జ్ఞాపకంలో రెండో పేజీకి ఎందుకు జారిపోయిందన్నది అడగాల్సిన ప్రశ్న.

మొదటి కారణం టీవీ పనిచేసే తీరులోనే ఉంది. స్టేషన్‌లో ఘోరం గంటా గంటన్నరలో ముగిసింది. కెమెరాలు సర్దుకునేసరికి అక్కడ మిగిలింది నెత్తుటి మరకలు, చెల్లాచెదురైన చెప్పులు, సంచులు. తాజ్‌లో మాత్రం కాల్పులు నవంబర్ 29 ఉదయం దాకా, దాదాపు 60 గంటలు సాగాయి. ఎదురుగా గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ఖాళీ జాగా ఉంది. అక్కడ నిలబడి వెనక మంటలు కనిపించేలా గంటల తరబడి మాట్లాడొచ్చు. ఏ క్షణాన ఏమవుతుందోనన్న ఉత్కంఠ ప్రేక్షకుణ్ణి కదలనివ్వదు. ముగిసిపోయిన మరణాలకన్నా ముగియని ముట్టడి టీవీకి ఎక్కువ పనికొచ్చింది.

రెండో కారణం చెప్పడానికి కాస్త మొహమాటం అడ్డొస్తుంది గానీ చెప్పాలి. వార్తలు చదివేవాళ్ళకు, చర్చలకు వచ్చేవాళ్ళకు, ప్రకటనలిచ్చేవాళ్ళకు తాజ్ తెలిసిన చోటు. అక్కడ పెళ్ళి విందులకు వెళ్ళారు, ఇంటర్వ్యూలు చేశారు. వాళ్ళ దిగులు నిజమైనదే. కానీ జనరల్ బోగీ కోసం నేలమీద కూర్చునే మనిషి వాళ్ళ చిరునామాల పుస్తకంలో లేడు. అతని గురించి స్టూడియోలో కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పే స్నేహితుడూ లేడు. డిసెంబర్ 3న గేట్‌వే దగ్గరికి వేలమంది కొవ్వొత్తులతో తరలివచ్చారు. ఆ కోపం, ఆ శోకం తాజ్ ఎదుటే పోగుపడ్డాయి.

తాజ్‌లో పోయినవీ ప్రాణాలే. అక్కడ 30 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో అతిథుల్ని కాపాడుతూ ప్రాణాలిచ్చిన హోటల్ సిబ్బంది ఉన్నారు, నెల జీతం మీద బతికేవాళ్ళు. ఒక చావును ఇంకో చావు పక్కన పెట్టి తూచే పని ఎవరికీ వద్దు. ఒక్క చోటును మాత్రమే చూపించి, మొత్తం ఘోరం అదేనని నమ్మించడం దగ్గరే అభ్యంతరం.

మూడో కారణం అన్నిటికన్నా బాధపెట్టేది. ఆ గుమ్మటం బొమ్మ కావాలని కోరుకున్నది దాడి చేయించినవాళ్ళు.

ఇది ఊహ కాదు. సరిహద్దు అవతల కూర్చున్న సూత్రధారులు హోటళ్ళలోని ముష్కరులతో ఫోన్లో మాట్లాడిన మాటలు రికార్డయ్యాయి, కోర్టుకు చేరాయి. డాన్ రీడ్ తీసిన డాక్యుమెంటరీ ‘టెర్రర్ ఇన్ ముంబయి’లో వాటిని వినొచ్చు. అవతలివాళ్ళు మన చానళ్ళు చూస్తూనే మాట్లాడుతున్నారు. మీడియా కళ్ళన్నీ తాజ్ మీదే ఉన్నాయని, అన్నిటికన్నా ముఖ్యమైన చోటు మీదేనని లోపలున్నవాళ్ళకు చెబుతారు. నిప్పు పెట్టమని మళ్ళీ మళ్ళీ తొందరపెడతారు. మంటలు లేస్తే చూసేవాళ్ళ గుండెల్లో భయం పుడుతుందన్నది వాళ్ళ లెక్క. అంటే ఆ మంట హోటల్‌ను కాల్చడానికి ఎంత పెట్టారో, కెమెరాకు చూపించడానికీ అంతే పెట్టారు. ఏటా నవంబర్ 26న ఆ ఫొటోనే మొదటి పేజీలో పెద్దగా వేసే ప్రతి డెస్కూ ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి. శత్రువు ఎంచి ఇచ్చిన బొమ్మను శ్రద్ధాంజలిగా అచ్చేసుకుంటున్నాం.

సుప్రీంకోర్టు 2012 ఆగస్టు 29న స్టేషన్‌లో కాల్పులు జరిపి ప్రాణాలతో పట్టుబడిన కసబ్ ఉరిశిక్షను ఖరారు చేస్తూ ఇచ్చిన తీర్పులో ఈ విషయాన్ని సూటిగా పట్టించుకుంది. జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ సి.కె. ప్రసాద్‌ల ధర్మాసనం, ఆ ప్రత్యక్ష ప్రసారాలు భద్రతా దళాల పనిని ప్రమాదంలో పడేశాయని చెప్పింది. ఆ దృశ్యాలను ఆపరేషన్ ముగిశాక చూపించినా ప్రజలకు తెలియాల్సింది తెలిసేదని, అప్పుడు రేటింగులు అంతగా పెరిగేవి కావు గనకే అలా చేయలేదని తప్పుపట్టింది. దాడి జరిగిన మరో చోటు నారీమన్ హౌస్ పైకప్పు మీదికి ఎన్‌ఎస్‌జీ కమెండోలు హెలికాప్టర్ నుంచి తాళ్ళు పట్టుకుని దిగుతుంటే దేశమంతా టీవీలో చూసింది. కమెండోల కోసం లోపల తుపాకీతో కాచుకున్నవాడికి కబురందించగల మనుషులూ చూశారు. ఎన్‌ఎస్‌జీ హవల్దార్ గజేందర్ సింగ్ ఆ భవనంలోనే ప్రాణాలు వదిలారు.

ఉగ్రవాదులపై ఆపరేషన్ జరుగుతుండగా ప్రత్యక్ష ప్రసారం చేయకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో మార్పు రావడానికి 2015 దాకా పట్టింది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత అదే హెచ్చరికను కేంద్రం మళ్ళీ జారీ చేయాల్సి వచ్చింది. పాఠం ఎంతవరకు ఒంటబట్టిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

టీవీ గీసిన గీత మీదే సినిమా నడిచింది. ఇందులో తెలుగువాళ్ళ పాలు తక్కువేమీ కాదు. దాడులు ముగిసిన మర్నాడే అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ తాజ్‌ను చూడటానికి వెళ్ళినప్పుడు వెంట కొడుకు రితేశ్‌తో పాటు రాంగోపాల్ వర్మ కూడా ఉన్నారు. నెత్తురు ఆరకముందే సినిమావాళ్ళకు చూపించడమేమిటని దేశం మండిపడింది. కొద్దిరోజులకే దేశ్‌ముఖ్ పదవి నుంచి తప్పుకున్నారు. వర్మ తీసిన ‘ది అటాక్స్ ఆఫ్ 26/11’ 2013లో వచ్చింది. నిజం చెప్పాలంటే స్టేషన్ ఘోరాన్ని తెరమీద చూపించిన కొద్ది సినిమాల్లో అదొకటి. కానీ కథ ఎవరి వెంట పోయింది? కసబ్ వెంట, అతన్ని ప్రశ్నించే పోలీసు అధికారిగా నానా పాటేకర్ వెంట. మార్చురీలో ఆ ఇద్దరి మధ్య పొడవాటి సన్నివేశం ఉంది. స్టేషన్లో పడిపోయినవాళ్ళకు మాత్రం పేరు లేదు, ఊరు లేదు.

‘మేజర్’ వేరే దారి పట్టింది. శశికిరణ్ తిక్కా దర్శకత్వంలో అడివి శేష్ నటించిన ఈ చిత్రం 2022 జూన్‌లో తెలుగు, హిందీ భాషల్లో వచ్చింది. తాజ్‌లో తోటివాళ్ళను వెనక్కి పంపి తాను ముందుకెళ్ళి అమరుడైన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ చావుకన్నా బతుకు ముఖ్యమనుకుని తీసిన సినిమా అది. కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులుగా రేవతి, ప్రకాశ్‌రాజ్ కనిపించే సన్నివేశాలు చూసినవాళ్ళకు సులువుగా మరపుకు రావు. కథ కోసం కొన్ని కల్పనలు చేర్చుకున్నా, ఆ సినిమా మనసు శుభ్రమైనది. అయినా వీరుడి కథ వీరుడున్న చోటే ముగియాలి. కాబట్టి మళ్ళీ తాజ్. ‘హోటల్ ముంబయి’ సినిమా సంగతి పేరులోనే ఉంది. ఫ్రెంచివాళ్ళు తీసిన చిత్రానికైతే ఏకంగా ‘తాజ్‌మహల్’ అని పేరు పెట్టారు.

వెబ్ సిరీస్ ‘ముంబయి డైరీస్ 26/11’ ఒక్కటి కాస్త పక్కకు తిరిగి చూసింది. సర్కారు దవాఖానా అందులో కేంద్రం. వార్త కోసం ఆరాటపడే టీవీ విలేకరి వల్ల జరిగే నష్టాన్నీ అందులో చూపించారు. ఆసుపత్రి పేరు కల్పితమే అయినా దాని వెనక కామా ఆసుపత్రి నీడ ఉంది. స్టేషన్ నుంచి ముష్కరులు వెళ్ళింది అక్కడికే. ఆ రాత్రి నర్సు అంజలీ కుల్థే 20 మంది గర్భిణుల్ని ఒక చిన్న గదిలోకి చేర్చి తలుపులేసి, దీపాలార్పి కాపాడారు. తర్వాత కోర్టులో కసబ్‌ను గుర్తుపట్టారు. 2022 డిసెంబర్‌లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఎదుట ఆ రాత్రి గురించి చెప్పారు. తెలుగు ఇళ్ళలో ఆమె పేరు ఎంతమందికి తెలుసు? కసబ్ పేరు తెలియని ఇల్లు ఉందా?

ఆ తేడాకు కూడా ఒక ఫొటోయే మూలం. ముంబయి మిర్రర్ ఫొటోగ్రాఫర్ సెబాస్టియన్ డిసౌజా ప్రాణాలకు తెగించి స్టేషన్‌లో కసబ్‌ను తన కెమెరాలో పట్టుకున్నారు. ఆ ఫొటో కోర్టులో సాక్ష్యంగా నిలిచింది, ఆ పనికి దేశం ఆయనకు రుణపడింది. కానీ సాక్ష్యంగా అవసరమైన ఆ బొమ్మ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ స్టేషన్‌కే ముఖచిత్రమైపోయింది. అక్కడ చంపినవాడి ముఖం అందరికీ తెలుసు, చనిపోయినవాళ్ళలో ఒక్క ముఖమూ తెలియదు.

అదే స్టేషన్‌లో చెప్పుకోవాల్సిన కథలు లేకనా? అనౌన్సర్ విష్ణు జెండే తన గదిలోంచి కదలకుండా, ఇటు రావద్దు, వెనకవైపు నుంచి వెళ్ళిపోండి అని మైకులో చెబుతూనే ఉన్నారు. లోకల్ రైళ్ళు దిగుతున్న ఎంతోమందిని ఆ గొంతు ఒక్కటే బతికించింది. కాలికి తూటా తగిలిన తొమ్మిదేళ్ళ పాప మరుసటి ఏడాది ఊతకర్రల మీద కోర్టుకు వచ్చి కసబ్‌ను వేలు పెట్టి చూపించింది. స్టేషన్‌లో గాయపడిన ఒక కుటుంబం, ఇల్లు ఇస్తామన్న మాట నిలబెట్టుకోమంటూ, ఘటన జరిగిన పన్నెండేళ్ళకు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. కెమెరాలు ఎవరి గుమ్మం ముందు ఆగుతాయో వాళ్ళ దస్త్రమే ముందు కదులుతుంది. జ్ఞాపకంలో చోటు దొరకనివాళ్ళకు సాయంలోనూ చోటు ఆలస్యంగానే దొరుకుతుంది.

ముంబయిని వేలెత్తి చూపించే ముందు హైదరాబాద్ తన లెక్క చూసుకోవాలి. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. లుంబినీ పార్కులో లేజర్ షో దగ్గర ఒక బాంబు, కోఠిలో గోకుల్ చాట్ దగ్గర ఒకటి. 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. చాట్ తిందామని ఆగినవాళ్ళున్నారు. ముట్టడి లేదు, మంటల గుమ్మటం లేదు, 60 గంటల ప్రసారం లేదు. క్షణాల్లో అంతా అయిపోయింది. అందుకే ఏటా ఆగస్టు 25న పత్రికల్లో లోపలి పేజీలో నాలుగు పంక్తులు, దండ వేసిన ఫొటో ఒకటి, అంతటితో సరి. ముంబయి స్టేషన్‌కు పట్టిన గతే కోఠికీ పట్టింది.

పత్రికలు, చానళ్ళు చేయగలిగింది చాలా ఉంది, అదేమీ ఖర్చుతో కూడిన పనీ కాదు. ఈసారి నవంబర్ 26న మొదటి పేజీలో గుమ్మటం బదులు ఆ రైల్వే హాలు ఫొటో వేయొచ్చు. చనిపోయిన 166 మంది పేర్లు అచ్చేయడానికి ఒక పేజీ చాలు. 26/11ను రెండుసార్లు తెరకెక్కించిన తెలుగువాళ్ళకు, రైలు కోసం ఎదురుచూస్తున్న ఒక కుటుంబం దగ్గర కథ మొదలుపెట్టడం చేతకాని పని కాదు. గోకుల్ చాట్ దగ్గర ఆ సాయంత్రం ఉన్నవాళ్ళు, గాయాలతో బయటపడినవాళ్ళు, రాత్రంతా ఉస్మానియా ఆసుపత్రి వరండాల్లో తమవాళ్ళ కోసం వెతికినవాళ్ళు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు. 2027 ఆగస్టు 25కు ఆ ఘటనకు ఇరవై ఏళ్ళు నిండుతాయి. ఈలోగా వాళ్ళ దగ్గరికి వెళ్ళి, కూర్చుని, వాళ్ళు చెప్పేది చెప్పినట్టు రాసిపెట్టండి.