రొయ్యల సాగులో నవకల్పనలకు లెక్క కావాలి

నెల్లూరు తీరపు ఆక్వా రైతులకు, హేచరీల, మేత కర్మాగారాల, ప్రాసెసింగ్ ప్లాంట్ల నిర్వాహకులకు, ప్రభుత్వాధికారులకు విజ్ఞప్తి

ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మండలాలలో రొయ్యల సాగు విస్తీర్ణమెంతో, దిగుబడి ఎన్ని టన్నులో ప్రభుత్వం లెక్కకడుతున్నది. కాని సాగుదారులు ఏ కొత్త పద్ధతిని చేపట్టారో, అందుకు ఎంత వెచ్చించారో, ఏది నిలదొక్కుకున్నదో, దేనిని మధ్యలో విడిచిపెట్టారో ఆ లెక్కలు చెప్పవు. ఈ లోటు తీరాలంటే ఆక్వా రంగంలో మూడేళ్లకొకసారి నవకల్పన సర్వే జరపాలి.

1990ల ఆరంభంలో టైగర్ రొయ్యతో విస్తరించిన సాగును 1994-95లో తెల్లమచ్చల వ్యాధి కుదిపివేసింది. 1996 డిసెంబరు 11 నాటి సుప్రీంకోర్టు తీర్పు, 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం సాగును నియంత్రణలోకి తెచ్చాయి. 2009లో అనుమతి పొందిన వనామి రకం రొయ్య సాగు తీరునే మార్చివేసింది. ఈ మార్పులో ప్రయోగశాలలతోపాటు చెరువు గట్లకూ పాత్ర ఉన్నది. సీడ్‌ను (రొయ్య పిల్లలను) నేరుగా చెరువులో వదలకుండా మూడు నాలుగు వారాలు నర్సరీ తొట్టెలో పెంచడం, మేత తనిఖీకి చెరువులో దించే చెక్ ట్రేలో మిగిలిన మేతను చూసి తరువాతి పూట మోతాదు తగ్గించడం, పీతలు చొరబడకుండా గట్టు చుట్టూ వల కట్టడం వంటివాటికి పేటెంట్లు ఉండవు. అందువల్ల పేటెంట్లనూ పరిశోధన వ్యయాన్నీ మాత్రమే లెక్కించే పద్ధతికి ఇవి కనిపించవు.

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 1992లో తొలిసారి ప్రచురించి, 2018లో ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్‌తో కలిసి నాలుగవ కూర్పుగా వెలువరించిన ఓస్లో మాన్యువల్ అనే నవకల్పన కొలత మార్గదర్శిని ఈ చిక్కుకు దారి చూపింది. ఒక సంస్థ తన పూర్వపు ఉత్పత్తికీ పద్ధతికీ గణనీయంగా భిన్నమైనదానిని వినియోగదారులకు అందించినా, తాను ఆచరణలో పెట్టినా అది నవకల్పనే. ప్రపంచానికి కొత్తది కాకపోయినా ఆ సంస్థకు కొత్తదైతే చాలు. ఆగిపోయిన, విడిచిపెట్టిన ప్రయత్నాలను కూడా నవకల్పన కార్యకలాపాలుగానే నమోదు చేయాలని ఆ గ్రంథం నిర్దేశించింది. మన దేశంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థతో కలిసి 2021-22లో ఇటువంటి సర్వే జరిపినా, అది తయారీ రంగానికి సంబంధించినది కావడంతో చెరువులు దాని పరిధికి వెలుపలే ఉండిపోయాయి.

విఫలయత్నాల లెక్క రొయ్య రైతుకు మరీ అవసరం. ఈహెచ్‌పి అనే సూక్ష్మ పరాన్నజీవికి నమ్మదగిన మందు లేనందున సీడ్ పరీక్ష, చెరువును ఎండగట్టడం, సున్నం చల్లడం వంటి జాగ్రత్తలే శరణ్యం. వాటిలో ఏది ఏ నేలలో, ఏ నీటిలో పనిచేయలేదో నమోదు కాకపోతే, ఒక రైతు పంట పోగొట్టుకుని నేర్చుకున్న పాఠాన్ని పక్క ఊరి రైతు మళ్లీ పంట పోగొట్టుకునే నేర్చుకోవలసి వస్తుంది.

కాబట్టి ఈ కింది చర్యలు తీసుకోవాలి:

1. చెరువుల రిజిస్ట్రేషన్ జాబితాల ఆధారంగా నమూనాను ఎంపిక చేసినా, ప్రశ్నలకు సమాధానం చెప్పవలసినది భూయజమాని కాదు, సాగు చేస్తున్న కౌలురైతు.

2. ప్రశ్నాపత్రం తెలుగులో, చెరువు గట్టున వాడే మాటలతో ఉండాలి. “కొత్త సాంకేతికత చేపట్టారా?” అని కాక, “గత మూడేళ్లలో మేత వేసే తీరు మార్చారా, ఎందుకు, ఎవరి సలహాతో?” అని అడగాలి.

3. ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాల విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, ముందుగా ఒక మండలంలో ప్రయోగాత్మకంగా సర్వే జరపాలి.

4. ఫలితాలను గ్రామసభల్లో చదివి వినిపించాలి.

చెప్పిన వివరాలు పన్నుల అధికారులకో, పోటీదారులకో చేరతాయన్న భయం సహజమే. అయితే గణాంకాల సేకరణ చట్టం (2008) వ్యక్తిగత సమాచారానికి గోప్యత కల్పిస్తున్నది గనుక, సర్వేను ఆ చట్టం కిందనే చేపట్టి ఆ హామీని ప్రశ్నాపత్రం మొదటి పుటలోనే ముద్రించాలి. సర్వే ఖర్చును, ఏ పరికరం ఏ చెరువులో అక్కరకు వచ్చిందో తెలియకుండా ఇచ్చే రాయితీలలో వృథా అయ్యే సొమ్ముతో పోల్చి చూడాలి. రైతు సంఘాలు ఈ మేరకు తీర్మానాలు చేసి జిల్లా కలెక్టరుకూ మత్స్యశాఖకూ పంపాలి. వచ్చే పంటకు సీడ్ వదలకముందే ప్రయోగాత్మక సర్వే మొదలయ్యేలా పట్టుబట్టాలి.