కమాయచ మూగవోయిన రాత్రి

సంక్రాంతి వెళ్లిన మూడవనాడు మేము పదునొకండుగురము, పెద్దలము ఏడుగురము పిల్లలు నలుగురును, జోధ్‌పూరులో రెండు కిరాయి బండ్లు మాటాడుకొని, పోఖరణ్ మీదుగా సుమారు 280 కిలోమీటర్లు పయనించి జైసల్మేరు చేరి, అచ్చటినుండి పడమటికి మఱి 40 కిలోమీటర్లు పోయి, సామ్ గ్రామము కడనున్న ఇసుక తిన్నెలపై అమావాస్య రాత్రి గుడారములలో గడపి వచ్చితిమి. ఇల్లు చేరి వారమైనది. ఆ రాత్రి మా కన్నులయెదుట జరిగిన యొక చిన్న సంగతి నన్ను నేటికిని నిద్రపోనీయకున్నది కావున, ఈ వారము వ్రాయదలచిన దానిని పక్కకు పెట్టి దీనినే వ్రాయుచున్నాను.

దారిపొడవునను మాకు తోడువచ్చిన చెట్టు జమ్మి. అచ్చటివారు ఖేజ్రీ యందురు. విజయదశమినాడు మ్రొక్కి, ఆకు తెచ్చి పెద్దల చేత పెట్టి, మఱి యేడాదివఱకు మఱచిపోవు చెట్టు మనకది. ఏటికి 200 మిల్లీమీటర్ల వానకు కూడ నమ్మకము లేని ఆ నేలపై మేకకు మేత, పొయ్యికి కట్టె, మనిషికి కూర అన్నియు అదియే. 1730లో జోధ్‌పూరు దగ్గఱి ఖేజడ్లీ గ్రామమున రాజభటులు ఆ చెట్లను నఱకవచ్చినప్పుడు అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు మ్రాకులను కౌగిలించుకొని ప్రాణములిచ్చిరి. ఈ కథ బండిలో చెప్పుచున్నంతసేపు పిల్లలు కిటికీలనుండి మొగము త్రిప్పలేదు. మధ్యాహ్నము దాబాలో తాము రెండుమాఱులు వేయించుకొని తిన్న సాంగ్రీ కూర జమ్మికాయలదే యని తెలిసికొని ఒకరి మొగమొకరు చూచుకొనిరి. ఇట్టి పిల్లలకు ఎడారి విసుగు పుట్టించునని భయపడుట ఎంత పొరపాటో ఆ రాత్రియే తేలినది.

పొద్దు గ్రుంకువేళకు శిబిరము చేరితిమి. తెల్లని గుడారములు గుండ్రముగా వరుసదీరియున్నవి. నడుమ బండలు పఱచిన ముంగిలి, దానిలో నెగడు, నెగడునకు ఆవల మనిషియెత్తు సౌండు బాక్సులు నాలుగు. ఆ బాక్సుల ముందు పాత జంపఖానాపై, తలపాగా చుట్టుకొన్న ముదుసలి యొకడు కమాయచను ఒడిలో నిలుపుకొని కూర్చుండెను. మామిడికఱ్ఱను తొలిచి, గుండ్రని బొఱ్ఱకు మేకతోలు బిగించి, నరపుతంత్రులు కట్టి, కమానుతో వాయించు వాద్యమది. ముంజేయి తగిలి తగిలి ఆ తోలు ఒకచోట నల్లబడి, అరచేతివలె నునుపుదేరియున్నది. అతడు మాంగణియార్. వీరు మహమ్మదీయులు; తరతరములుగా హిందువులైన తమ యజమానుల ఇండ్ల పురుళ్లకును పెండ్లిండ్లకును పాడుచు, ఆ వంశముల పేళ్లన్నియు నోట నిలుపుకొన్నవారు. వీరిలో హమీరా గ్రామవాసి సాకర్ ఖాన్ ఈ వాద్యముతోనే 2012లో పద్మశ్రీ పొందెను. మా ముందున్న వృద్ధునకు బిరుదులేమియు లేవు. కాని అతడు కమాను ఆనించినంతనే, గొంతు జీరవోయిన ముత్తవ్వ యొకతె చీకటిలో తనకు తానే ఏదో చెప్పుకొనుచున్నట్లు, ఆ ముంగిలియంతయు ఒక్కసారి సద్దుమణగెను.

రెండవ పాట సగము కాలేదు. మా గుంపులోనివారే యొకరు, చెడ్డవారు కారు, పిల్లలకు ఉత్సాహము తగ్గునేమోయని తలచినవారు, నిర్వాహకుని పిలిచి, తమ ఫోనులోని తెలుగు సినిమా పాట పెట్టుమనిరి. నిర్వాహకుడు చేయెత్తెను. వృద్ధుడు పాటను పూర్తి చేయలేదు. కమానును తీసి, వాద్యమును ఎఱ్ఱగుడ్డలో చుట్టి, మాకు సలాము చేసి, నెగడు వెలుతురు దాటి పోయెను. అంతవఱకు మా చిన్న మనుమరాలు అతనికి జానెడు దూరమున కూర్చుండి, అదరుచున్న ఆ తోలుపై వ్రేలు మోపి చూచుచుండెను. "తాతా, ఆయన ఎందుకు వెళ్లిపోయాడు?" అని అది నన్నడిగినది. ఆ ప్రశ్నకు నేనింకను జవాబు చెప్పలేదు.

సినిమాపాట మీద నాకు ద్వేషము లేదు. హైదరాబాదులో ఏ వీధి మలుపుననైనను వినవచ్చును. అది వినుటకై రెండు పగళ్లు రైలులోను ఒక పగలు బండిలోను వెన్ను నొప్పించుకొని సరిహద్దుదాక పోనక్కఱలేదు. బయటి ప్రదేశములలో రాత్రి 10 మొదలు ఉదయము 6 వఱకు లౌడుస్పీకరు మోగరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. పండుగలకు ప్రభుత్వము ఇయ్యదగిన సడలింపు సైతము ఏడాదికి 15 దినములు, అదియును అర్ధరాత్రివఱకే. మా శిబిరమున పండ్రెండున్నరకు ఆపిరి. ప్రక్క శిబిరమువారు ఆ తరువాతను ఆపలేదు. నిర్వాహకుల నొక్కరినే నిందించి ఊరకుండుట న్యాయము కాదు: గుడారము కుదుర్చుకొనునపుడు పడక యెట్లున్నదని అడుగకమునుపే డీజే యున్నదా యని అడుగుచున్నది మనవారే.

ఒంటిగంటకు జనరేటరు ఆగినది. మనుమరాలిని దుప్పటిలో చుట్టుకొని నేను తిన్నెయెక్కితిని. ఆకాశమును గూర్చి నేనీ శీర్షికలో ఎన్నిమాఱులు వ్రాసితినో పాఠకులెఱుగుదురు. మరల వ్రాయక తప్పదు. పడమట పిల్లలకోడి, దానికి ఎగువగా గొల్లకావడి, ఈశాన్యమున పైకి లేచుచున్న సప్తర్షులు, వారిలో వసిష్ఠుని ప్రక్కనే అరుంధతి. పెండ్లిపందిటిలో పురోహితుడు మిట్టమధ్యాహ్నము వ్రేలు చూపి కనబడినదా యని అడుగగా వధూవరులు తలయూపుటయే గాని, అరుంధతిని నిజముగా చూచిన దంపతులు నేడెందఱు? పిల్లలకోడి యను ఇంత చక్కని పేరు మన బడిపుస్తకములకెక్కలేదు. కృత్తికలన్నను తెలియని పిల్లలకు అది గ్రీకుపేరుతోనే తెలియుచున్నది. లదాఖులోని హాన్‌లే చుట్టును చీకటిని కాపాడుటకే 2022లో ఒక ప్రాంతమును ప్రత్యేకించిరి. దీపములకు మూతలు వేసి, కిటికీలకు తెరలు కట్టి అచ్చటి గ్రామస్థులు ఆకాశమును కాచుచున్నారు. థారులో అట్టి కట్టుబాటు ఏల రాకూడదు? పదిగంటలకు దీపములార్పు శిబిరమని ఒక్కరు బోర్డు కట్టినచో నేను రెండింతలు రొక్కమిచ్చి పోయెదను.

ఆ బాక్సుల మోత బాధ మనుష్యులకు మాత్రమే కాదు. సామ్ తిన్నెలను ఆనుకొనియే 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయవనమున్నది. దేశమున మిగిలిన బట్టమేక పిట్టలలో ఎక్కువపాలు అచ్చటనే. మీటరు ఎత్తు పక్షి. ఈడువచ్చిన మగది గొంతుసంచి ఊదుకొని, దూరపు ఉఱుమువంటి బరువైన నాదముతో ఆడుదానిని పిలుచును. పెట్ట సాధారణముగా వట్టినేలపై ఒక్క గ్రుడ్డు పెట్టును. అడవిలో నూటయేబదికి మించి లేవని అంచనా. ఒక్క థారు ప్రాంతముననే కరెంటుతీగలకు తగిలి ఏటేట సుమారు 18 చచ్చుచున్నవని భారత వన్యప్రాణి సంస్థ లెక్కగట్టినది. తీగలను భూమిలో పాతుమని 2021లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించి, 2024లో దానిని సడలించి, విషయమును నిపుణుల సంఘమునకు అప్పగించినది. ఉఱుమువంటి ఆ పిలుపు వినబడవలసిన గడ్డిబీళ్ల అంచున మనము రాత్రియంతయు బాక్సులు మోగించుచున్నాము.

రాజస్థానమువారిని తప్పుపట్టుటకు మనకు నోరెక్కడిది? ఈ పిట్టకొఱకే 1988లో కర్నూలు సీమలో రోళ్లపాడు అభయారణ్యము ఏర్పడినది. అభయారణ్యమున్నది, పిట్ట లేదు. చుట్టుపట్ల గడ్డినేలలు సేద్యములోనికి పోయినవి, కాలువనీరు వచ్చినది, మందలు పెరిగినవి, కుక్కలు పెరిగినవి. ఇది మన కన్నులముందే, మన వార్తాపత్రికలు వచ్చుచుండగనే జరిగినది. దీనినిగూర్చి శాసనసభలో ఒక పూట చర్చ జరిగినట్లు నాకు జ్ఞాపకము లేదు.

మా గుంపులో నందికొట్కూరు ప్రాంతపు పెద్దమనిషి యొకరున్నారు. మఱునాటి ఉదయము ఖూరీ గ్రామపు దారిలో, అటవీశాఖవారి బోర్డుపైనున్న బొమ్మ చూచి, బండి ఆపించి దిగిరి. "చిన్నప్పుడు మా జొన్నచేల గట్టున నిలబడేదయ్యా ఇది. మా నాయన దాన్ని అదిలించనిచ్చేవాడు కాదు" అనిరి. అటుపై మాటాడక, కంచెకు చేయి ఆనించి, గడ్డివైపు చెవియొగ్గి నిలిచిరి. నేనును ప్రక్కనే నిలిచితిని. గాలి తప్ప ఏమియు వినరాలేదు. ఇంతలో వెనుక బండివారు, మధ్యాహ్నమునకు కోట చూడవలెనని తొందరపడి, హారను మ్రోగించిరి.