మరమ్మతు కూడా ఇల్మే, జనాబ్!

2024 రంజాన్. మార్చి నెలాఖరు. మా మహల్లా మసీదు వరండాలో మౌజన్ సాబ్ సహరీ చేస్తున్నారు. ఆయనకి డెబ్బై దాటాయి. స్మార్ట్‌ఫోన్ లేదు. గోడ మీద నమాజు వేళలు చూపించే డిజిటల్ బోర్డే ఆయన గడియారం. బోర్డు నాలుగున్నర చూపిస్తోంది. ఇంకా చాలా వక్తు ఉందిలే అని తీరిగ్గా రొట్టె తుంచుకుంటున్నారు. అంతలో పక్క మహల్లా నుంచి ఫజర్ అజాన్ వినపడింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వక్తు అయిపోయిందని తెలియక తిన్నా ఆ రోజాకి ఖజా ఉంచాల్సిందే. కఫ్ఫారా లేదు గానీ ఖజా తప్పదు. ఇది ఆయన ఒక్కడి సంగతి కాదు. ఆయన అజాన్ ఇస్తేనే గ్లాసు కింద పెట్టే ఇళ్లు మా గల్లీలో ఎన్నో ఉన్నాయి. వాళ్లందరి రోజా ఏమైనట్టు?

ఇంతకీ జరిగిందేమిటి? రాత్రి కాసేపు కరెంటు పోయింది. అంతే!

ఆ బోర్డు వెనక ఒక రాస్ప్‌బెరీ పై ఉంది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. గల్ఫ్‌లో ఉండే ఒక సాహెబ్ పైసలిచ్చారు. ఇంజినీరింగ్ చదివే మా మహల్లా పిల్లాడొకడు షౌక్‌తో ప్రోగ్రాం రాసి బిగించాడు. ఇఫ్తెతాహ్ ధూంధాంగా జరిగింది. శాలువాలు, ఫోటోలు, మిఠాయి. వార్త రాసింది నేనే. 'హైటెక్ మసీదు' అని హెడ్డింగ్ పెట్టింది కూడా నేనే. ఆ మెషీన్‌ని రేపు ఎవరు చూసుకుంటారని ఆ రోజు నేను ఒక్క సవాల్ కూడా వెయ్యలేదు. జర్నలిస్టుగా అది నా గల్తీ, ఒప్పుకుంటున్నాను. పిల్లాడు పై చదువులకి విదేశాలు పోయాడు. బోర్డు మిగిలింది, దాన్ని ఎరిగినవాడు మిగల్లేదు.

ఆ రోజు జొహర్ తర్వాత కమిటీ కూర్చుంది. ఒకాయన 'ఇది తీసేసి కొత్తది కొందాం, చందా వేద్దాం' అన్నారు. ఇంకొకాయన 'హైదరాబాద్ నుంచి మనిషిని పిలిపిద్దాం' అన్నారు. మూడో ఆయన మాటే నన్ను కోసింది. 'అరె భాయ్, మనం ఉర్దూ మీడియం వాళ్లం. ఈ కంప్యూటర్లు మన వల్ల అయ్యేవా?'

ఈ మూడు మాటలూ ఒకే బీమారీకి మూడు పేర్లు. కొనడం వచ్చు, పిలిపించడం వచ్చు, చేతులెత్తేయడం వచ్చు. నేర్చుకోవడం మాత్రం రాదు.

నేనూ ఉర్దూ మీడియమే. పదో తరగతి దాకా అలీఫ్, బే, తే. తర్వాత డిగ్రీలో తెలుగు. కంప్యూటర్ అంటే నాకు వార్తలు టైపు చేసే డబ్బా. నలభైలు దాటాక మొదటిసారి దాని లోపలికి చూశాను. ఆ పిల్లాడికి వాట్సాప్ చేస్తే పాపం వెంటనే పాస్‌వర్డ్ పంపాడు. తప్పు వాడిది కాదు. వాడి పక్కన కూర్చుని నేర్చుకోవడానికి మనం ఒక్కణ్ని కూడా పంపలేదు.

చూస్తే సంగతి ఇంత చిన్నది. మన ఇళ్లలోని పెద్ద కంప్యూటర్లలో గుండీ బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేకపోయినా లోపలి గడియారం నడుస్తూనే ఉంటుంది. పాత రాస్ప్‌బెరీ పైలలో ఆ గడియారమే లేదు. 2023లో వచ్చిన ఐదో మోడల్‌లో పెట్టారు, దానికీ బ్యాటరీ మనమే విడిగా కొనాలి. పాతవి టైం ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటాయి. నెట్ లేకపోతే, గంటకోసారి ఫైల్లో రాసిపెట్టుకున్న పాత టైం నుంచే లెక్క మొదలెడతాయి. ఆ రాత్రి కరెంటు తిరిగొచ్చింది గానీ మసీదు రౌటర్‌కి నెట్ రాలేదు. బోర్డు పాపం తనకి తెలిసిన టైమే నిజమనుకుంది. ఝూట్ చెప్పలేదు, దానికి ఖబర్ లేదు.

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి డీఎస్ 3231 అనే గడియారపు ముక్క కొన్నాను. దాని వెనక గుండీ బ్యాటరీ. నాలుగు వైర్లు: కరెంటుకి ఒకటి, గ్రౌండ్‌కి ఒకటి, కబుర్లు చెప్పుకోవడానికి రెండు. కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను చేర్చాలి, పాత టైం రాసిపెట్టుకునే ప్యాకేజీని తీసెయ్యాలి. తెలిసినవాడికి అరగంట పని. నాకు మూడు రాత్రులు పట్టింది. నాలుగో రాత్రి తరావీహ్ అయ్యాక నెట్ తీసేసి, కరెంటు ఆపి, పది నిమిషాలాగి మళ్లీ వేశాను. బోర్డు సరైన టైం చూపించింది. నా మొదటి బైలైన్ అచ్చులో చూసుకున్న రోజున కూడా అంత ఖుషీ కాలేదు.

'వైర్లు కలిపావు సరే, దీనికి ప్రోగ్రామింగ్ ఎందుకు?' అంటారా? కథ అయిపోలేదు. అదే ఏడాది డిసెంబర్ 31న తెల్లారేసరికి బోర్డు నల్లగా పడి ఉంది. మళ్లీ 'కొత్తది కొందాం' అన్నారు. నేను తెర మీదున్న ఎర్రర్ చదివాను. పైథాన్‌లో తప్పు జరిగితే బారెడు రాత వస్తుంది. చూసి ఘబ్‌రాయించకూడదు. అన్నిటికంటే కింది లైను ముందు చదవాలి, అసలు జవాబు అక్కడుంటుంది. 'లిస్టులో లేని నంబరు అడుగుతున్నావు' అని దాని అర్థం.

లిస్టు తెరిచి చూశాను. ఏడాది వేళల పట్టికలో 365 వరసలు. 2024 లీపు సంవత్సరం. డిసెంబర్ 31 దానికి 366వ రోజు. లేని వరస కోసం వెతికి ప్రోగ్రాం పడిపోయింది. అంతకంటే సిగ్గు సంగతి ఇంకోటుంది. ఫిబ్రవరి 29 నుంచి మా బోర్డు ప్రతిరోజూ మరుసటి రోజు వేళలు చూపిస్తూ వచ్చింది. రోజుకి నిమిషం లోపు తేడానే గనక పది నెలలు ఎవ్వరికీ తెలియలేదు. వరసని లెక్కపెట్టి కాకుండా నెల, తారీఖు చూసి తీసుకునేలా మూడు లైన్లు మార్చాను. కొత్త మెషీన్ కొని అదే ప్రోగ్రాం అందులో వేసుంటే? కొత్త బోర్డు మీద అదే గల్తీ. పైసలు పోసి తప్పుని కొత్త డబ్బాలోకి మార్చినట్టయ్యేది.

ఇక ఉర్దూ మీడియం బహానా గురించి. జనాబ్, మనం చిన్నప్పుడు నేర్చుకున్న లిపిలో ఒక్క నుఖ్తా జాగా మారితే ఖుదా కాస్తా జుదా అయిపోతాడు. తెలుగులో ఒత్తు పడకపోతే మాట మారిపోతుంది. పైథాన్‌లో లైను ముందు ఖాళీ జాగా తప్పితే ప్రోగ్రాం ఆగిపోతుంది. నుఖ్తా కోసం ఉస్తాద్ చేత ఛడీ దెబ్బలు తిన్న మనకి ఈ ఖాళీ జాగా ఒక లెక్కా? ప్రోగ్రాం రాయడానికి కావల్సిన ఇంగ్లీషు మాటలు ఇఫ్, ఎల్స్, ఫర్, వైల్... పైథాన్‌లో ఇలాంటి ప్రత్యేకమైన మాటలు నలభై లోపే. నలభై మాటల ముందు ఒక ఖౌమ్ మొత్తం చేతులెత్తేస్తుందా? ఎర్రర్లు, పుస్తకాలు చదవడానికి ఇంకాస్త ఇంగ్లీషు కావాలి, నిజమే. డిక్షనరీ పక్కన పెట్టుకుని నేను చదివాను. మన భాషల్లో రాసిపెట్టినవాళ్లు తక్కువనేది నిజమైన షికాయత్. దానికి ఇలాజ్ రాయడమే, ఊరికే ఏడవడం కాదు.

రెండో బహానా: 'ఈ వయసులో కోడింగ్ నేర్చుకుంటే నౌకరీ వస్తుందా?' అమీర్‌పేట బోర్డులు మన బుర్రల్లో ఎంతగా నాటుకుపోయాయంటే, నౌకరీ ఇవ్వని చదువు చదువే కాదనుకుంటున్నాం. మా అమ్మీ కుట్టుమిషన్‌కి తనే నూనె వేసుకునేది, పట్టీ తెగితే తనే మార్చుకునేది. కుట్టుమిషన్ కంపెనీలో నౌకరీ కోసమా? తన పని ఆగకుండా ఉండటానికి. పంక్చర్లు వేసేవాళ్లు, వైండింగ్ చేసేవాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు మన ఖౌమ్‌లో ఎంతమంది! పేరే మిస్త్రీ. పాడైనదాన్ని విప్పి చూసే ధైర్యం మన చేతుల్లో ఉంది. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఆ ధైర్యం ఎక్కడికి పోతుంది?

మూడోది కొత్త బహానా: 'ఇప్పుడు ఏఐ అన్నీ చెప్పేస్తుంది, నేర్చుకోవడం దేనికి?' నేనూ అడిగాను, ఇన్కార్ చెయ్యను. సాయం అందింది. కానీ తప్పు గడియారంలో ఉందా, పట్టికలో ఉందా అని మసీదులో స్టూలెక్కి చూడాల్సింది నేనే. రాస్ప్‌బెరీ పై పిన్నులు 3.3 వోల్టులకి మించి తట్టుకోవు. దాని జవాబు తప్పైతే కాలిపోయేది మన బోర్డు. చెప్పింది సహీనా గలతా అని తేల్చుకునేంత ఇల్మ్ మన దగ్గర లేకపోతే, ఒక మోహతాజీ పోయి ఇంకో మోహతాజీ వచ్చినట్టే.

అసలు ఈ చిన్న కంప్యూటర్ పుట్టిందే నేర్చుకోవడం కోసం. కేంబ్రిడ్జ్‌లో ఎబెన్ అప్టన్, ఆయన సాథీలు ఒక సంగతి గమనించారు. కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారు, వచ్చినవాళ్లకి కూడా మెషీన్‌తో చేతి పరిచయం లేదు. 1981లో వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ స్విచ్ వెయ్యగానే ప్రోగ్రాం రాయమని ఎదురుచూసేది. ఆ రోజులు పోయాయని 35 డాలర్లకి దీన్ని తెచ్చారు. అమ్మకం మొదలైంది 2012 ఫిబ్రవరి 29న. అవును, లీపు రోజునే! పాడుచేసుకుని, బాగుచేసుకుని నేర్చుకోమని ఇచ్చిన వస్తువుని మనం గోడకి కొట్టి తాళం వేశాం.

మన జల్సాల్లో మైకు పట్టుకున్న ప్రతివాడూ అల్ ఖ్వారిజ్మీ పేరు చెబుతాడు. అల్గారిథం అన్న మాట ఆయన పేరు నుంచే వచ్చిందని ఛాతీ విరుచుకుంటాడు. నిజమే, వచ్చింది. 14వ సదీలో దమిష్క్ ఉమయ్యద్ మసీదులో ఇబ్న్ అల్ షాతిర్ అనే ఆయన ఉండేవారు. ఆయన ఓహదా 'మువఖ్ఖిత్', అంటే నమాజు వేళలు లెక్కగట్టే మనిషి. గ్రహాల నడకని లెక్కగట్టిన ఆ ఆలిం, మసీదు మినార్ మీద నీడ గడియారం తన చేత్తో తయారుచేశారు. వేళ తెలుసుకోవడం అప్పుడు మసీదులో ఒక నౌకరీ, ఒక ఇల్మ్. ఇప్పుడు? బ్యాటరీ లేని డబ్బా చెప్పిందే వేళ. పూర్వీకుల పేర్లు చెప్పుకుని బతికే ఖౌమ్‌కి వాళ్ల పని మాత్రం వద్దా?

అందుకని కమిటీల పెద్దలకి, చందాలిచ్చే సాహెబులకి నా దర్ఖాస్తు ఇది. మసీదుకో, మదర్సాకో, లైబ్రరీకో మెషీన్ ఇస్తే దాంతోపాటు ఇద్దరు మనుషుల్ని తయారుచెయ్యండి. ఇద్దరు ఎందుకంటే ఒకరు ఊరు వదిలిపోతారు. పాస్‌వర్డ్ కవర్లో పెట్టి సీలు వేసి సదర్ సాబ్ దగ్గర ఉంచండి. మెమరీ కార్డుకి నకలు తీసి బీరువాలో పెట్టండి. కరెంటు పోతే ఏం చూడాలో తెలుగులో, ఉర్దూలో ఒక కాగితం రాసి గోడకి అంటించండి. ఇవన్నీ అయ్యాక శాలువాలు కప్పుకోండి, నేనే వచ్చి వార్త రాస్తాను.

నేర్చుకునేవాళ్లకి కూడా ఒక మాట. మొదటి రోజే యాప్ తయారుచెయ్యాలని కూర్చోకండి. ఎవరో రాసిన చిన్న ప్రోగ్రాం చదవండి. నకలు తీసిపెట్టుకుని ఒక్క లైను మార్చండి, ఏమవుతుందో చూడండి. పాడవుతుంది. పాడవనివ్వండి. నకలు ఉందిగా!

ఇప్పుడు మా మౌజన్ సాబ్ రోజూ ఇషా తర్వాత తన పాత చేతి గడియారం, బోర్డు పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వస్తే నాకు కబురు పంపుతారు. జుమా తర్వాత ఇద్దరు పిల్లలు నా పక్కన కూర్చుంటున్నారు. ఒకడు మెకానిక్ కొడుకు, నాకంటే తొందరగా తప్పు పట్టుకుంటున్నాడు.

మౌజన్ సాబ్ ఆ రోజా ఖజా షవ్వాల్‌లోనే ఉంచేసుకున్నారు. మన ఖజా ఇంకా బాకీ ఉంది.