పాత కారు వేడెక్కుతోందా? థర్మోస్టాట్ పీకించే ముందు ఫోన్ తీయండి

గేమ్ ఆడుతుంటే ఫోన్ వేడెక్కిందనుకోండి, ప్రాసెసరే స్పీడ్ తగ్గించుకుంటుంది. ఫ్రేమ్‌లు పడిపోయాయని మనం తిట్టుకుంటాం. పదిహేనేళ్ల నాటి సెకండ్ హ్యాండ్ కార్లలో చాలావాటికి ఆ తెలివి ఉండదు. ముల్లు ఎర్రగీత దాటినా తొక్కినంతసేపూ లాగుతూనే ఉంటుంది. చివరికి అల్యూమినియం హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది. బిల్లు ఒక మంచి ఫోన్ ధరకు చేరుతుంది.

విజయవాడ నుంచి మైలవరం మీదుగా తిరువూరు వచ్చే 30వ నంబర్ జాతీయ రహదారి మీద, మే నెల మధ్యాహ్నం, ఏసీ వేసుకుని, మామిడికాయల లోడు వెనక పాకుతూ వెళ్లే పాత బండికి ఈ కష్టం మామూలే. షెడ్డుకు తీసుకెళ్తే తరచుగా వినిపించే మందు ఒకటుంది: “మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకన్నా, తీసేద్దాం.” దీనికి మాత్రం ఒప్పుకోవద్దంటాను.

థర్మోస్టాట్ అంటే మామూలుగా 82–88 డిగ్రీల దగ్గర తెరుచుకునే వాల్వ్. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడం ఆలస్యమవుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారిని మూసేదీ అదే. తీసేస్తే కొంత కూలెంట్ రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. అంటే రోగం ఇంకా ముదరొచ్చు. పాడైందని తేలితే కొత్తది వేయించండి, అంతే.

మెకానిక్‌ని తప్పుపట్టడం లేదు. నాలుగు బండ్లు లైన్‌లో ఉండి, మనమేమో “ఇవాళే కావాలి, తక్కువలో అవ్వాలి” అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? డేటా మనమే తీసుకెళ్లాలి.

మన దేశంలో కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు బండ్లలో కొన్ని కనెక్ట్ అవుతాయి, కొన్ని కావు. కొనేముందు మీ మోడల్‌కి పనిచేస్తుందో లేదో చూసుకోండి. కార్బురేటర్ మారుతి 800 అయితే ఆశ వదులుకోండి. ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్ మామూలు ఇయర్‌బడ్స్ కంటే చౌక. ఐఫోన్ వాళ్లు మాత్రం వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ మోడల్ తీసుకోవాలి, పాత క్లాసిక్ బ్లూటూత్‌వి పనిచేయవు.

దీనితో లాభమేంటంటే, చాలా కార్లలో డ్యాష్‌బోర్డ్ ముల్లు వేడి కొంత మారినా మధ్యలోనే కూర్చుంటుంది. యాప్ మాత్రం అసలు నంబర్ చెబుతుంది. ట్రాఫిక్‌లో ఆగితే పెరిగి, కదిలితే తగ్గుతోందా? ఫ్యాన్ మోటార్, రిలే, ఫ్యూజ్ చూపించండి. హైవే మీద స్పీడ్‌లో పెరుగుతోందా? రేడియేటర్ పూడిక, వాటర్ పంప్ లేదా థర్మోస్టాట్. నంబర్ 100 చూపిస్తున్నా రేడియేటర్‌కి వెళ్లే పై పైపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మీద అనుమానం బలపడుతుంది. బయట ఎక్కడా లీక్ లేకుండా కూలెంట్ మాయమవుతుంటే హెడ్ గాస్కెట్ పరీక్ష అడగండి.

గాడ్జెట్ ప్రియులు బోల్తా పడే చోటు ఒకటుంది. సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లన్నీ కారిపోయి అది గాలిలో తేలితే, ఇంజిన్ మాడిపోతున్నా స్క్రీన్ మీద తక్కువ నంబరే కనిపించొచ్చు. కాబట్టి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూడాల్సిందే. దానికి ఏ యాప్ లేదు.

రేడియేటర్ మూతనూ చిన్నచూపు చూడొద్దు. చాలా కార్లలో అది 0.9 బార్ దగ్గర పీడనాన్ని పట్టి ఉంచుతుంది. అందువల్లే మామూలు నీళ్లయినా 100 దగ్గర కాకుండా 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోతే ఆ మార్జిన్ పోయినట్టే. ఇక బోరు నీళ్లు పోస్తే ఏమవుతుందో మీ ఇంట్లో హీటర్ రాడ్ మీది తెల్లటి పెచ్చు చూస్తే తెలుస్తుంది. రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపండి.

దారిలో నంబర్ పైకి పోతుంటే ఏసీ కట్టేసి, హీటర్ ఫుల్ పెట్టండి. మే నెలలో తిరువూరులో హీటరా అని నవ్వొచ్చు, కానీ అదీ ఒక చిన్న రేడియేటరే. అయినా తగ్గకపోతే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు, పక్క కారాయన ఎంత ధైర్యం చెప్పినా సరే.