మాలీల పేర్లు

మా భాంజా ఇంగ్లండ్‌లో ఉంటాడు. పోయిన నెల కార్న్‌వాల్‌లోని హెలిగన్ బాగ్‌కు పోయి ఫోటోలు పంపాడు. చలి దేశంలో అరటిచెట్లు, వెదురు గుబుర్లు, ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన చెట్టంత ఫెర్న్‌లు. "మామూజాన్, ఇది వలాయత్ అంటే నమ్ముతారా?" అని కింద రాశాడు.

నమ్ముతాను. అట్లాంటిక్ సముద్రపు వెచ్చటి నీళ్ల వల్ల ఆ కొసన చలి కాస్త నరమ్‌గా ఉంటుంది. అయినా దాని వెనక మెహనత్ మామూలుది కాదు. అక్కడి ట్రెమేన్ ఖాందాన్ మాలీలు అనాసపండ్లు పండించేవాళ్లు. అదీ గుర్రపు లద్దెతో! గాజు కప్పిన గుంతకు అటూ ఇటూ కందకాలు, వాటి నిండా పచ్చి లద్దె. అది మాగుతూ ఇచ్చే వేడి గోడలోంచి మొక్కకు అందుతుంది. వేడి తగ్గితే తీసేసి మళ్లీ కొత్తది నింపాలి. దొరల దస్తర్‌ఖాన్ మీది ఒక్క పండు కోసం ఎన్ని బండ్ల లద్దె ఎత్తారో, ఎత్తినవాడికి ఒక ముక్కైనా దక్కిందో లేదో.

1914లో జంగ్ వచ్చింది. మాలీలు ఫౌజ్‌లోకి పోయారు, చాలామంది తిరిగి రాలేదు. బాగ్ ముళ్లకంపల్లో పూడిపోయింది. 1990లో టిమ్ స్మిట్, ఆ ఖాందాన్‌కే చెందిన జాన్ విలిస్ కంపలు నరుక్కుంటూ లోపలికి పోయారు. 1992లో జనానికి తలుపులు తెరిచారు.

నా లెక్కలో అక్కడ దొరికిన అన్నిటికంటే ఖీమతీ చీజ్ ఏ మొక్కా కాదు, మాలీల పాయఖానా గోడ. దాని మీద 1914 ఆగస్టు అని వేసి వాళ్లు తమ పేర్లు రాసుకున్నారు. బాగ్‌ను మళ్లీ నిలబెట్టినవాళ్లు దొరల కథ పక్కనపెట్టి ఈ పేర్ల కథ చెప్పాలని ఫైసలా చేశారు. సహీ ఫైసలా. టికెట్లు అమ్ముకోవడానికి కన్నీళ్లు పనికొస్తాయని కొందరు అనొచ్చు. అననీ. పేర్లైతే మిగిలాయి కదా.

మా నానా హైదరాబాద్‌లో ఒక నవాబు గారి దేవిడీలో మాలీ. గులాబీ అంట్లు కట్టడంలో ఆయన చేయి మంచిదని అమ్మీ అంటుంది. ఆ దేవిడీ మీద వచ్చిన ఉర్దూ కితాబులో గుర్రాల పేర్లు కూడా ఉన్నాయి. ఒక్క మాలీ పేరు లేదు. మీ ఖాందాన్లలోనూ ఉండే ఉంటారు ఇలాంటి మాలీలు, దర్జీలు, బావర్చీలు. ఇరవై ఏళ్లుగా ఊరందరి పేర్లూ అఖ్బారులో రాసిన నేను, నానాతో కలిసి పనిచేసినవాళ్లెవరని అమ్మీని ఏనాడూ అడగలేదు. మొన్న జుమా నాడు అడిగాను. ఇప్పుడు ఆమెకు రెండు పేర్లే యాదికొచ్చాయి. రాసుకున్నాను.