సూదిమందు కండలు
విజయదశమినాడు అమలాపురపు వీథులలో చెడీతాలింఖానా చూచి మురియనివారుందురా? ఏండ్లతరబడి సాముచేసిన దేహబలమది. ఇప్పుడు కొందఱు యువకులు కండలకై మెఫెంటెర్మిన్ సూదిమందు పొడిపించుకొనుచున్నారు. శస్త్రచికిత్సలో పడిపోయిన రక్తపుపోటును లేపుటకు వైద్యులు వాడు మందది! హైదరాబాదులో 2023లో దీనిని వ్యాయామశాలలవారికి దొంగచాటుగా నమ్మువారిని పోలీసులు పట్టుకొనిరి. మొదట అలసట తెలియదు, నిద్ర పోవును. పిమ్మట కన్నతల్లినే అనుమానించుట, లేని మాటలు వినుట! దీనిని దిష్టియని ఉప్పుమిరపకాయలు తిప్పి యూరకుండుట మాకు సమ్మతముగాదు. మందు మానినపిదప దిగులు ముంచుకొని ప్రాణముమీదికి రావచ్చును గావున, పిల్లవానిని దూషింపక, ఒంటరిగా విడువక, మానసికవైద్యునియొద్దకు గొనిపొండు. గదిలో వట్టిసీసా దొరకినచో పారవేయక వెంట తీసికొనిపోవలెను.