సనద్ కోసమా, ఇస్లాహ్ కోసమా?

పోయిన జుమ్మా నమాజ్ తర్వాత ఆపా ఫోన్ చేసింది. "భాయ్, నువ్వైనా సమ్‌జాయించు. పిల్ల అమెరికా పోయి చెట్ల మీద, పిట్టల మీద, తిరిగిన ఊళ్ల మీద రాసుడు నేర్చుకుంటదట. దానికి ఎంఎఫ్ఏ అని డిగ్రీ గూడ ఉన్నదట!" వెనక నుంచి దుల్హాభాయ్ గొంతు: "రాసుడు నేర్వనీకి లక్షలెందుకు? కలం, కాగితం ఇక్కడ దొర్కవా?"

సవాల్ జాయెజే. అందుకే జవాబు తొందరపడి చెప్పలేదు.

ఇది మజాక్ చదువైతే కాదు. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో క్రియేటివ్ రైటింగ్‌నూ పర్యావరణాన్నీ కలిపి ఎంఎఫ్ఏ ఉంది. అక్కడ రాయడంతో పాటు వేరే డిపార్ట్‌మెంట్ల పాఠాలు వినాలి, గది దాటి ఫీల్డ్‌వర్క్ చేయాలి. ఇంగ్లండ్‌లోని బాత్ స్పా యూనివర్సిటీలో సఫర్, కుద్రత్ గురించి రాయడానికే ఒక ఎంఏ ఉంది. కుద్రత్ గురించి రాయడం కాలక్షేపం అనుకునేవాళ్లు రేచల్ కార్సన్‌ను గుర్తు చేసుకోవాలి. రచయిత్రి కావాలని కాలేజీలో చేరి బయాలజీకి మారిన మనిషి ఆమె. 1962లో ఆమె రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' వచ్చాక పురుగుమందుల మీద అమెరికా అంతటా బహస్ లేచింది. పదేళ్లకు, 1972లో, అక్కడ డీడీటీ వాడకాన్ని చాలావరకు ఆపేశారు.

మరి అంత దూరం పోయి నేర్చుకునేదేమిటి? వర్క్‌షాప్. నువ్వు రాసిన పేజీలను తోటి విద్యార్థులు, ఒక ఉస్తాద్ ముందే చదువుకొని వస్తారు. ఎక్కడ అబద్ధమాడావో, ఎక్కడ చూడకుండానే రాశావో మొహం మీదే చెప్తారు. మనకిది కొత్త కాదు. ఉర్దూ షాయరీలో షాగిర్ద్ తన గజల్ తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టేవాడు, ఉస్తాద్ ఇస్లాహ్ చేసేవాడు. ముషాయిరాలు మిగిలాయి గానీ మన మొహల్లాల్లో ఆ ఇస్లాహ్ రివాజు పోయింది. నేను ఉర్దూ మీడియంలో చదివాను, తెలుగులో డిగ్రీ చేశాను. రెండు జబానుల్లోనూ పరీక్షలు రాయించారు గానీ, ఒక్కరోజైనా చెరువు గట్టు మీద కూర్చోబెట్టి చూసింది రాయమన్న ఉస్తాద్ దొరకలేదు.

డిగ్రీ లేకుండా పెద్దవాళ్లు కాలేదా అంటారు. అయ్యారు. సలీం అలీకి యూనివర్సిటీ డిగ్రీ లేదు, ఆ కారణంతోనే ఒక సర్కారీ కొలువు దక్కలేదు. అదే మనిషి 1931లో మన హైదరాబాద్ రియాసత్‌లో పక్షుల సర్వే మొదలుపెట్టాడు. అయితే అంతకు ముందు బెర్లిన్ పోయి ఎర్విన్ స్ట్రెజెమాన్ దగ్గర పని నేర్చుకున్నాడు. సనద్ లేకపోయినా నడిచింది, ఉస్తాద్ లేకుండా నడవలేదు.

సఫర్ రాయడం మన రెండు జబానులకూ పాత అలవాటే. తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర 1838లో అచ్చయింది. హైదరాబాద్‌లో పుట్టిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ లండన్ చూసొచ్చి రాసిన కితాబ్ 1847లో వచ్చింది, ఉర్దూలో మొదటి సఫర్‌నామా అని దానికే పేరు. మరి ఇవాళ? ఇంటికొకరు గల్ఫ్ పోయొచ్చారు. మా అబ్బా ఏళ్లకేళ్లు సౌదీలో ట్రక్కు నడిపారు. ఇసుక తుఫాను వస్తే బండి ఎట్లా ఆపుకోవాలో, ఏ నెలలో ఖర్జూరం పండుతుందో ఆయనకు ఎరికే. ఒక్క ముక్క రాయించుకోలేదు నేను. ఆయన ఇంతెఖాల్ అయ్యారు, ఆ రేగిస్తాన్ కూడా ఆయనతోనే పోయింది. మన ఇళ్లలో ఇట్లాంటివి ఎన్ని పోతున్నాయో లెక్క పెట్టేవాళ్లు లేరు.

అందుకే నా రాయ్: పిల్లను ఆపొద్దు. అయితే కొన్ని షరతులు. కాలేజీ పేరు చూసి పోవద్దు, ఎవరు చదువు చెప్తారో, వాళ్లేం రాశారో చదివి పోవాలి. సూద్ మీద లోన్ తెచ్చి మాత్రం వద్దు. ఈ డిగ్రీ చేతికి రాగానే తన్ఖా గ్యారంటీ ఏమీ లేదు, అప్పు మాత్రం గ్యారంటీ. అమెరికాలో చాలా ఎంఎఫ్ఏ కోర్సులు కొందరికి ఫీజు మాఫీ చేసి, కింది క్లాసులకు పాఠాలు చెప్పిస్తూ నెలనెలా వజీఫా ఇస్తాయి. అట్లాంటి వాటికే అర్జీ పెట్టాలి. తెలంగాణలో మైనారిటీ పిల్లలకు 20 లక్షల దాకా ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, తన కోర్సుకు వర్తిస్తుందా లేదా ముందే అడిగి తెలుసుకోవాలి. ఏదీ రాకపోతే మాయూస్ కావద్దు. నలుగురు దోస్తులు, ఇస్లాహ్ చేసే ఒక ఉస్తాద్ దొరికితే ఇక్కడే మొదలుపెట్టొచ్చు.

ఆపాకు ఇదే చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను. అర్జీతో పాటు తాను రాసిన పేజీలు పంపాలి కదా, పిల్ల ఏం రాసిందో తెలుసా అని. దమ్మామ్‌లో దుల్హాభాయ్ గడిపిన మొదటి ఎండాకాలం గురించి రాసింది. తల్లిని అడిగి అడిగి రాసింది, ఆయన్ను అడగడానికి భయపడింది.

ఫోన్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత దుల్హాభాయ్ ఫోన్ తీసుకున్నాడు. "అది మొదటి ఎండాకాలం కాదు, రెండోది. దానికి ఏం ఎరుక? నన్ను అడగమను."